సోమవారం కిస్తీ, సెప్టెంబరు ధర: గుణుపురం చింతపండు వ్యాపారంలో చిన్న రుణాలపై ఒక కేస్ స్టడీ

2017 మార్చి నెలాఖరున, ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురానికి దగ్గరలో ఉన్న ఒక సంత ఊళ్లో, తెలుగువాళ్ల వీధిలో ఒక ఇంటి అరుగు మీద పిక్క తీసిన చింతపండు పదమూడు బస్తాలు పేర్చి ఉండగా చూశాను. గోనె మూతులన్నీ నీలి నైలాను దారంతో, వల అల్లినట్టు ముడి వేసి కుట్టి ఉన్నాయి. ఆ ఇంటి ఇల్లాలి పుట్టిల్లు బారువ దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు కాబట్టి ఆ ముడి ఆమెకు చిన్ననాటి అలవాటు, ఆ వీధిలో ఇంకెవరికీ రాదు. ఆ ఏడాది సెప్టెంబరులో, బ్యాంకు తరఫున ఒక పెద్ద వర్తకుడి నిల్వలు తనిఖీ చేయడానికి విజయనగరం వైపు కోల్డ్ స్టోరేజికి వెళ్లినప్పుడు, లోపలి గదిలో అవే గోనెలు అదే నీలి ముడితో కనిపించాయి. సరుకు అదే, దాన్ని తీసిన చేతులు అవే, తూకంలో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. సొంతదారు మారాడు, ధర మారింది. ఈ కేసంతా ఆ రెండు మార్పుల మధ్య గడిచిన అయిదు నెలల గురించే.

నేను అప్పట్లో ఒక బ్యాంకు శాఖలో రుణాల అధికారిని. ఆ పదమూడు బస్తాలు తయారుచేసిన ఆమెకు అప్పు ఇచ్చింది మా బ్యాంకు కాదు, వారం వారం వసూలు చేసే ఒక చిన్న రుణాల సంస్థ. ఆ బస్తాలను కొన్న వర్తకుడికి 40 లక్షల క్యాష్ క్రెడిట్ లిమిట్, అంటే ఆ హద్దు లోపల కావలసినప్పుడు తీసుకుని అమ్మినప్పుడు జమ చేసే అప్పు, ఇచ్చింది మాత్రం మేమే. రెండూ కాగితం మీద చిన్న వ్యాపార రుణాలే, రెండూ ప్రాధాన్య రంగం, అంటే బ్యాంకులు తమ అప్పుల్లో కొంత వాటా తప్పనిసరిగా ఇవ్వవలసిన రంగాల లెక్కలోకి వచ్చేవే. చిన్న వ్యాపారాలకు అప్పు దొరికితే ఆదాయాల మధ్య అంతరం తగ్గుతుందని శిక్షణ తరగతుల్లో విన్నాను, సమావేశాల్లో నేనూ చెప్పాను. ఆ కోల్డ్ స్టోరేజి గదిలో నిలబడ్డప్పుడు మాత్రం, ఆమెకు అందిన అప్పు, అతనికి అందిన అప్పు కలిసి ఆ వీధిలో అంతరాన్ని పెంచాయని మొదటిసారి స్పష్టంగా కనిపించింది.

ఎలా పెంచాయో చూపించడానికి ఆమె నోటు పుస్తకంలో ఉన్న లెక్కనే ఇక్కడ పెడతాను. ఆమె అంగీకారంతోనే రాస్తున్నాను, పేరు రాయడం లేదు. ఆమె తీసుకున్న అప్పు 30,000 రూపాయలు. 50 వారాలు, వారానికి 690 చొప్పున, మొత్తం 34,500 కట్టాలి. వడ్డీ 4,500 అని చెబితే పదిహేను శాతంలా వినిపిస్తుంది కానీ, అసలు ప్రతి వారం తరిగిపోతూ ఉంటుంది కాబట్టి నిజమైన రేటు ముప్పై శాతానికి దగ్గరగా ఉంటుంది. సంతలో వంద రూపాయలకు నెలకు అయిదు, పది రూపాయల వడ్డీ నడిచే చోట ఇది తక్కువే. అందువల్ల ఆమె ఆ సంస్థను ఎన్నడూ తిట్టలేదు, నేనూ ఇక్కడ తిట్టబోవడం లేదు.

ఆ డబ్బుతో ఆమె మార్చిలో సంతలో కిలో 20 రూపాయల చొప్పున 1,200 కిలోల చింతకాయ కొన్నది. అందుకు 24,000 అయింది. మిగిలిన 6,000 గోనెలకు, బండి కిరాయికి, పెంకు కొట్టి పిక్క తీయడానికి వచ్చే ఇద్దరు ఆడవాళ్ల కూలికి పోయింది. ఎండిన చింతకాయలో గుజ్జు సుమారు 55 పాళ్లు, పిక్క 34 పాళ్లు, మిగిలింది పెంకు, నార. ఆ లెక్కన 660 కిలోల పండు, 408 కిలోల పిక్క వచ్చాయి. పిక్కలను గంజిపొడి మిల్లులకు సరఫరా చేసే ఒకాయన కిలో 8 రూపాయలకు తీసుకుపోయాడు. పండు ఏప్రిల్‌లో అమ్మితే 60, సెప్టెంబరులో అమ్మితే 85. ఏప్రిల్‌లో అమ్మింది. పెట్టుబడి, వడ్డీ పోగా ఆమెకు, ఆమె భర్తకు, అత్తగారికి కలిపి మిగిలింది ఎనిమిది వేల మూడు వందల చిల్లర. నిలవ పెట్టి ఉంటే, కోల్డ్ స్టోరేజి అద్దె, లారీ కిరాయి తీసేసినా ఇంకో పధ్నాలుగు వేల వరకు కలిసేది.

ఎందుకు నిలవ పెట్టలేదని అడిగితే ఆమె ఇచ్చిన జవాబు నా ఉద్యోగంలో నేర్చుకున్న చాలా పాఠాలకంటే పెద్దది. "బస్తా ఇంట్లో ఉంటే ఏటి లాభం బాబూ, సోమారం వస్తాది కదా." వసూలు సోమవారం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఇరవై రెండు సోమవారాలు, అంటే 15,180 రూపాయలు. చింతపండు వ్యాపారంలో డబ్బు ఏడాదికి ఒక్కసారి వస్తుంది. కిస్తీ వారానికి ఒక్కసారి వస్తుంది. ఈ రెండు క్యాలెండర్లను కలపడానికి ఆమె దగ్గర ఉన్న ఒకే దారి, ధర అన్నిటికంటే తక్కువగా ఉన్న నెలలోనే సరుకు దించుకోవడం. వర్తకుడికి మేమిచ్చిన లిమిట్‌లో అటువంటి సోమవారం లేదు. నెలాఖరుకు వడ్డీ పడుతుంది, అసలు అమ్మినప్పుడు జమ అవుతుంది, ఏడాదికి ఒకసారి లిమిట్‌ను కొత్తగా మంజూరు చేస్తాం. తూకం మోసమో, మరే మోసమో అక్కరలేకుండానే, కేవలం ఓపిక పట్టగలిగే డబ్బు తన వద్ద ఉండడం వల్ల, కిలోకు 25 రూపాయలు అతని ఖాతాలోకి చేరాయి.

ఆ వర్తకుడి గురించి కూడా రెండు మాటలు న్యాయంగా చెప్పాలి. వీధిలో అందరూ అతన్ని షావుకారు మావయ్య అనే పిలుస్తారు, అది భయంతో అనే పిలుపు కాదు. రాత్రిపూట ఎవరికైనా నొప్పులు వస్తే పర్లాకిమిడి ఆసుపత్రికి బండి, చేతిలో అయిదు వేలు ఇచ్చేది ఆయనే, కాగితం అడగడు. మార్చిలో చింతపండు తనకే వేయాలన్న మాట మాత్రం ఆ అయిదు వేలతోపాటు వెళ్తుంది. అతని తాతగారు, 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి వేయించిన చిన్న రైలు 1931లో గుణుపురం దాకా వచ్చినప్పుడు, ఆ రైలు మీద చింతపండు పంపడంతో ఈ వ్యాపారం మొదలుపెట్టారట. కొండ మీది పండుకు, మైదానంలోని డబ్బుకు మధ్య నిలబడే స్థానం ఆ కుటుంబానికి మూడు తరాలుగా ఉంది. మా లిమిట్ ఆ స్థానాన్ని సృష్టించలేదు, కానీ బలపరిచింది.

ఈ అనుభవం మా ఒక్క ఊరిదే కాదు. హైదరాబాదులో 104 బస్తీలను తీసుకుని, అందులో 52 బస్తీలకు మాత్రమే ముందుగా చిన్న రుణాల సంస్థను పంపి, మిగిలిన వాటితో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2015లో ప్రచురితమైంది. తర్వాత 2019లో నోబెల్ పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అందులో ఉన్నారు. సగటు కుటుంబం ఖర్చు పెట్టగలిగే స్థాయిలో చెప్పుకోదగ్గ మార్పు వారికి కనిపించలేదు. లాభాలు పెరిగినవి అంతకుముందే వ్యాపారం ఉన్నవారిలో, అందునా బాగా నడిచే కొద్దిమంది విషయంలో. అంటే అప్పు పైమెట్టు మీద ఉన్నవాడిని ఇంకో మెట్టు ఎక్కించింది, కింద ఉన్నవాడికి అవసరం గడిచింది. ఆ ఫలితాన్ని చూపి చిన్న అప్పులే దండగ అనే వారితో నేను ఏకీభవించను. కోల్‌కతాలో జరిగిన మరో ప్రయోగంలో, మొదటి కిస్తీని రెండు వారాల తర్వాత కాకుండా రెండు నెలల తర్వాత మొదలుపెట్టినందుకే కొందరు ఎక్కువ పెట్టుబడి పెట్టారు, మూడేళ్ల తర్వాత వారి లాభాలు మిగతావారికంటే ఎక్కువగా ఉన్నాయి. అదే గుంపులో ఎగవేతలు కూడా పెరిగాయి, దాన్ని దాచకూడదు. అప్పు ఎంత అన్నదానికంటే, ఎప్పుడు తిరిగి కట్టాలి అన్నదే ఎవరు పైకి వస్తారో నిర్ణయిస్తుందన్న నా అనుమానానికి ఆ ప్రయోగం బలమిచ్చింది.

మా బ్యాంకు పాత్రకు వస్తే, 2015 ఏప్రిల్ 8న ముద్ర పథకం వచ్చాక, అందులో అన్నిటికంటే చిన్న అప్పులదైన శిశు విభాగంలో 50,000 వరకు, తనఖా లేకుండా అప్పులు ఇవ్వాలని మాకు లక్ష్యాలు పెట్టారు. 2017లో ఆ వీధిలోనే పధ్నాలుగు శిశు రుణాలు నా సంతకంతో మంజూరయ్యాయి. వడ్డీ ఆ సంస్థ వడ్డీలో సగంకంటే తక్కువ. కానీ నేను వాటిని టర్మ్ లోన్లుగా, మరుసటి నెల నుంచే నెలసరి వాయిదాలతో రాశాను, ఎందుకంటే కంప్యూటరులో సిద్ధంగా ఉన్న నమూనా అదే, మార్చి 31లోగా లక్ష్యం పూర్తి కావాలి. చింతపండు వ్యాపారానికి టర్మ్ లోను రాయడం, నాట్లు వేసిన మరుసటి నెల నుంచి ధాన్యం కొలవమన్నట్టు ఉంటుంది. ఆ పొరపాటు నాది. ఆ పధ్నాలుగు మందిలో ఎక్కువమంది మా వాయిదా కట్టడానికి ఆ వారపు సంస్థ దగ్గర, ఆ సంస్థ కిస్తీ కట్టడానికి షావుకారు దగ్గర తీసుకున్నారు. సోమవారానికి తోడు నెలకొక అయిదో తారీకు చేరింది.

తనఖా లేని అప్పు ఈ ప్రాంతంలో ఎందుకు ముఖ్యమో బయటివారికి చెప్పాలి. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించినది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956లో తెచ్చిన నియంత్రణను 2002లో ఇంకా గట్టి చేశారు. ఆ చట్టం ఉండవలసిందే, దానివల్లనే కొండ కింది పొలాలు ఇంకా ఇక్కడి గిరిజనులైన సవరల, కోదుల పేర్ల మీద మిగిలాయి. అయితే భూమి పత్రం చూపితేనే అప్పు అనే పాత పద్ధతి ఇక్కడ నడవదు. ఎప్పుడో ముందు తరాల్లో శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇంటి స్థలానికి కూడా సరైన కాగితం ఉండదు. తనఖా లేని అప్పు మునిగితే బ్యాంకు నష్టంలో కొంత భరించే, 2000లో ఏర్పాటైన రుణ హామీ నిధి, 2010 నుంచి సూక్ష్మ, చిన్న సంస్థలకు 10 లక్షల దాకా తనఖా అడగరాదన్న రిజర్వు బ్యాంకు ఆదేశం లేకపోతే, ఈ వీధికి బ్యాంకు తలుపు తెరుచుకునేదే కాదు. తలుపు తెరిచాక లోపల కూర్చోబెట్టిన పీట సరైనది కాదు, నా ఫిర్యాదు అంతవరకే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, రాయగడ, గంజాం జిల్లాల మీదుగా పోయింది. ఆ ఏడాది ధర బాగా పెరుగుతుందని ముగ్గురు ఆడవాళ్లు ధైర్యం చేసి సరుకు ఇంట్లోనే ఆపారు, కిస్తీలు బంగారం కుదువ పెట్టి కట్టారు. రెండు రోజులు కురిసిన వానకు వంశధార పొంగింది, పెంకుటిళ్లలో చెమ్మ ఊరింది, పండు నల్లబడి పులుపు చెడి బూజు పట్టింది. సగం ధరకు కూడా ఎవరూ అడగలేదు. కోల్డ్ స్టోరేజిలో ఉన్న షావుకారు సరుకు రంగు కూడా మారలేదు, కొరత వల్ల ధర పైపెచ్చు పెరిగింది. నిలవ పెట్టే ఓపిక ఒక్కటే చాలదు, నిలవ పెట్టే చోటు కూడా కావాలని ఆ తుపాను నేర్పింది. నా కేసు నివేదికలో ఆ ముగ్గురి లెక్కను అనుబంధంగా కాకుండా మధ్యలో పెట్టడానికి కారణం అదే.

2020లో లాక్‌డౌన్ సరిగ్గా చింతపండు రోజుల్లో వచ్చింది. వాయిదాల మీద ఆగస్టు 31 వరకు మారటోరియం, అంటే కట్టకుండా ఆగే వెసులుబాటు, ఇచ్చారు, అది మేలు చేసింది. ఆ తర్వాత మే నెలలో వచ్చిన అత్యవసర రుణ హామీ పథకం మాత్రం, ఫిబ్రవరి 29 నాటికి ఎవరికి ఎంత బాకీ ఉందో అందులో 20 శాతం అదనంగా ఇమ్మన్నది. ఉద్దేశం మంచిది, వేగంగా పనిచేసింది కూడా. దాని లెక్క మాత్రం మా వీధిలో ఇలా పడింది: 40 లక్షల బాకీ ఉన్న షావుకారుకు 8 లక్షలు, 12,000 బాకీ ఉన్న ఆమెకు 2,400. అప్పటిదాకా అప్పు దొరకనివారికి సున్నాలో 20 శాతం. ఆ జూన్‌లో అతను ఆ 8 లక్షలతో వీధిలో మిగిలి ఉన్న సరుకంతా, బేరం లేకుండా, కొన్నాడు. పాత బాకీని కొలమానంగా పెట్టుకున్న ఏ సాయమైనా పాత అంతరాన్నే కొత్తగా అచ్చు వేస్తుందని ఆ వారం మంజూరు పత్రాలు రాస్తూ నాకు అనిపించింది, ఇప్పటికీ ఆ అభిప్రాయం మారలేదు.

రెండో ప్రయత్నం 2021లో మొదలైంది. ఎనిమిది మంది ఆడవాళ్లను, ఒకరి అప్పుకు మిగతావారూ పూచీ ఉండే ఒక ఉమ్మడి బాధ్యత బృందంగా చేసి, ఒక్కొక్కరికి 40,000 చొప్పున, టర్మ్ లోను కాకుండా సీజను లిమిట్ ప్రతిపాదించాను. నెలనెలా వడ్డీ మాత్రమే కట్టాలి, సుమారు పది శాతం లెక్కన అది 333 రూపాయలు. ఒకప్పుడు వారానికి 690 కట్టినవారికి ఇది నెలకు 333. అసలు అక్టోబరు చివరికి. సరుకు ఇళ్లలో కాకుండా కోల్డ్ స్టోరేజిలో ఉండాలి, దాని రసీదు బ్యాంకు దగ్గర ఉండాలి. ఈ ప్రతిపాదన మంజూరు కావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఎదురైన అడ్డంకులను వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే అంతరాలు పెద్ద విధానాల్లో కంటే ఈ చిన్న కాగితాల్లోనే ఎక్కువగా నిలిచి ఉంటాయి.

మొదటిది, కోల్డ్ స్టోరేజి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అప్పు ఇచ్చిన శాఖ ఒడిశాలో ఉంది. సరుకును తనిఖీ చేయవలసిన అధికారి రాష్ట్రం దాటి వెళ్లడానికి పైవారి అనుమతి కావాలి. షావుకారు 40 లక్షల ఖాతాకు ఆ అనుమతి ఏళ్ల తరబడి ఉంది, నేనే వెళ్లేవాడిని. 3 లక్షల 20 వేల మొత్తం ఖాతాకు అదే గిడ్డంగి, అదే గది అయినా, ప్రయాణ ఖర్చు గిట్టదని అభ్యంతరం వచ్చింది. చివరికి రెండు తనిఖీలను ఒకే రోజు పెట్టి పరిష్కరించాను. రెండోది, 2007 నాటి గిడ్డంగుల చట్టం కింద నమోదైన గిడ్డంగి ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదు అయితే బ్యాంకుకు గట్టి ఆధారం. ఆ కోల్డ్ స్టోరేజి నమోదు కాలేదు. యజమాని రాసి ఇచ్చే మామూలు చీటీయే దిక్కు. షావుకారు చీటీకి విలువ ఇచ్చిన మేము ఈ ఆడవాళ్ల చీటీకి ఎందుకు ఇవ్వకూడదని రాతపూర్వకంగా అడగవలసి వచ్చింది. మూడోది భాష. బృందం తీర్మానాల పుస్తకం తెలుగులో ఉంది, చక్కని గుండ్రని రాతలో రాసిన పుస్తకం అది. శాఖలో దాన్ని చదవగలిగింది నేనొక్కడినే. ఒడియాలోకో ఇంగ్లీషులోకో మార్చి నోటరీ చేయించమన్నారు. కాలేజీలో చదివే ఒకామె కూతురు ఒక్క రాత్రి కూర్చుని ఒడియాలోకి మార్చింది. ఆ అమ్మాయికి అటు లిపి, ఇటు లిపి రెండూ వచ్చు కాబట్టి సరిపోయింది. నాలుగోది ఒక్కటే మాకు కలిసి వచ్చింది: 2019 అక్టోబరు నుంచి ఎండు చింతపండు మీద జీఎస్టీ లేదు కాబట్టి రాష్ట్రం దాటించడం తేలికైంది.

2022 సీజనులో ఎనిమిది మందీ మొదటిసారి పూర్తిగా ఈ లిమిట్ మీద వ్యాపారం చేశారు. ఆరుగురు సెప్టెంబరు, అక్టోబరు ధరకు అమ్మారు. ఒకామె జూన్‌లో భర్తకు ఆపరేషను వచ్చి తన సరుకు తీసి అమ్మేసింది. ఇంకొకామె పండు సరిగా ఆరకముందే గోనె కట్టడం వల్ల తీసేటప్పటికి ముద్దలు కట్టింది, ధర తగ్గింది. ఈ ఇద్దరూ అసలు ఆలస్యంగా కట్టారు, కానీ కట్టారు. కోల్‌కతా ఫలితం గుర్తుంచుకుని, ఒకరిద్దరు మునుగుతారన్న అంచనాతోనే మొదలుపెట్టాను. మునగలేదు, అయితే ఎనిమిది మంది ఒక్క సీజను చూసి ఎక్కువ చెప్పుకోవడం తగదు.

అంతకంటే నన్ను ఆలోచింపజేసింది లిమిట్ తీసుకోనివారికి జరిగిన మార్పు. ఎనిమిది మంది ఏప్రిల్‌లో అమ్మబోమని తెలిశాక షావుకారు మిగతా ఇళ్ల దగ్గర కొనే ధర కిలోకు మూడు రూపాయలు పెంచాడు. పిక్క తీసే కూలి కిలోకు అయిదు నుంచి ఆరుకు పెరిగింది, ఎందుకంటే అదే నెలలో అంతమందీ అవే చేతులను పిలిచారు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సుతో అక్కడ చిన్న రుణాల సంస్థల వసూళ్లు ఆగిపోయినప్పుడు, ఆ సంస్థల మీద ఎక్కువగా ఆధారపడిన ఇతర రాష్ట్రాల జిల్లాల్లో కూడా అప్పులు ఎండిపోయి, రోజు కూలి రేట్లు తగ్గాయని తర్వాతి పరిశోధనలో తేలింది. అప్పు ఎన్నడూ తీసుకోని కూలీ మీద కూడా అప్పు ప్రభావం పడుతుందన్న మాట. మా వీధిలో అదే సంగతి ఎదురు దిశలో, చిన్న కొలతలో కనిపించింది.

ఇక్కడితో ఆగితే ఇది మంచి కథే. అయితే 85 రూపాయలకు అమ్మిన కిలో పండును మొదటి నుంచి విప్పి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. కిలో గుజ్జు రావడానికి సుమారు కిలో ఎనిమిది వందల గ్రాముల కాయ కావాలి. 2017 ధర ప్రకారం అందులో కొండ మీద చెట్టెక్కి దులిపి, పదిమైళ్లు మోసుకొచ్చిన సవర కుటుంబానికి చేరింది 36 రూపాయలు, పెంకు తీసిన ఇంటికి 24, అయిదు నెలలు ఆపిన వర్తకుడికి 25. మా లిమిట్ ఆ 25లో పెద్ద భాగాన్ని వర్తకుడి నుంచి ఇంటికి మార్చింది. కొండకు చేరేది ఒకటి రెండు రూపాయలే పెరిగింది, అదీ సంతలో కొనేవాళ్లు ఎక్కువైనందువల్ల. ఇంటికి, షావుకారుకు మధ్య దూరం తగ్గింది. ఇంటికి, కొండకు మధ్య దూరం పెరిగింది. ఊరి మొత్తానికి ఒక్క గినీ అంకె, అంటే ఆదాయాల అంతరాన్ని కొలిచే సూచిక, వేసి చూస్తే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసి ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. అందుకే నేను ఒక్క అంకెతో తృప్తిపడను, సరుకు నడిచిన దారి వెంట మెట్టు మెట్టుకూ లెక్క వేయాలంటాను.

కొండ మెట్టు దగ్గర అడ్డంకి డబ్బు ఒక్కటే కాదు. పుట్టాసింగ్ వైపు నుంచి దిగే సవర ఆడవాళ్లు బుట్టల్లో తెచ్చిన కాయను చాలాచోట్ల ఇంకా కుప్ప మీదనే బేరం చేస్తారు. కాటా ఉన్నా అది కొనేవాడిది. లెక్క కూడా వేరు: సవర భాషలో పన్నెండు దాకా విడి పేర్లుంటాయి, పదమూడును పన్నెండు ఒకటి అంటారు, ఇరవై తర్వాత ఇరవైల చొప్పున నడుస్తుంది. పదుల్లో, వందల్లో వేగంగా చెప్పే వర్తకుడి లెక్కను ఆమె మనసులో తన లెక్కలోకి తిప్పుకునేలోపు బస్తా బండి ఎక్కేస్తుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండగా గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని పట్టుబట్టిన నేల ఇది. సంత కాటా దగ్గర ఆ మాట ఇంకా చేరలేదు. కేంద్రం 2013-14 నుంచి అటవీ ఫలసాయానికి కనీస మద్దతు ధర పెట్టింది, చింతపండు ఆ జాబితాలో ఉంది. కొనే కేంద్రం సంత రోజున సంత స్థలంలో, చేతిలో నగదుతో ఉంటేనే ఆ ధర నిజమైన ధర అవుతుంది. ఆ రోజు ఉప్పు, నూనె, కిరసనాయిలు కొనుక్కుని చీకటి పడకముందే కొండెక్కవలసిన మనిషి, రెండు వారాల తర్వాత ఖాతాలో పడే డబ్బు కోసం బుట్ట దించదు. సోమవారం కిస్తీ కట్టే ఆమెది, ఈమెది ఒకే ఇబ్బంది, వారం బదులు ఒక్క పూట, అంతే.

ప్రస్తుతం నేను బ్యాంకు ఉద్యోగంలో లేను, ఆ ఎనిమిది మంది బృందానికి, వారితో చేరిన మరికొందరికి లెక్కల సలహాదారుగా ఉన్నాను. వారి ద్వారానే కొత్త ప్రతిపాదన ఒకటి శాఖకు వెళ్లింది. కొండ కింది ఒక సవర ఊళ్లో ఇరవై కుటుంబాలకు సొంత కాటా ఒకటి, ఎండబెట్టుకోవడానికి టార్పాలిన్లు, సంత రోజు ఇంటి ఖర్చుకు సరిపడా ఒక్కో కుటుంబానికి చిన్న మొత్తం. కాయను వారే ఆరబెట్టి, కొట్టి, కిలోల లెక్కన మా బృందానికి ఇస్తారు. సెప్టెంబరులో అమ్మిన తర్వాత ధర తేడాలో సగం వారికి తిరిగి వెళ్లాలని రెండు బృందాలూ తీర్మానం రాసుకున్నాయి. ఆ సగం దగ్గర మా ఆడవాళ్లలో గట్టి వాదన జరిగింది. కోల్డ్ స్టోరేజి బాధ్యత తమదైనప్పుడు మూడో వంతు చాలని కొందరన్నారు. నీలి దారం ఆమె మాత్రం, "మనకి షావుకారు మావయ్య ఏటి సేసాడో మనం ఆళ్లకి అదే సేత్తే ఇంకెందుకు ఈ పుస్తకాలు" అంది. సగం అనే రాశారు.

ఫైలు రెండు ప్రశ్నలతో తిరిగి వచ్చింది. ధర తేడా ఎంత ఉంటుందో ముందే ఎలా చెప్పగలరని ఒకటి, కాటాను ఎవరి పేరున ఆస్తిగా చూపుతారని రెండోది. మొదటిదానికి గత అయిదు సీజన్ల ఏప్రిల్, సెప్టెంబరు ధరలను ఆడవాళ్ల నోటు పుస్తకాల నుంచి ఎత్తి రాసి పంపాను, అందులో ఒక ఏడాది తేడా దాదాపు లేదని కూడా రాశాను. రెండోదానికి సవర బృందం పేరునే అని రాశాను. కాయ జనవరి చివర నుంచి దిగుతుంది కాబట్టి, మంజూరు అంతకంటే ముందు రావాలని ఉత్తరం చివర రెండుసార్లు గీత గీశాను.